ఆకలి గుర్తులు

ఈ సంవత్సరపు సంచికకు బాలబాలికలకును తలిదండ్రులకును పనికివచ్చు విషయమేదైన వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మేము గణితము చెప్పువారము గనుక లెక్కలను గూర్చి వ్రాయుదుమని వారు తలంచియుందురు. అయితే ఇరువది యేండ్లకు పైగా బడిలో పిల్లలను, ఇంట పసివారిని, దొడ్డిలో పశువులను చూచుచు వచ్చిన మాకు వేరొక విషయము మనసులో నిలిచియున్నది. అది ఆకలి. కరవు కాలపు ఆకలిని గూర్చి మేము చెప్పబోవుట లేదు. ప్రతి దినము ప్రతి యింట ప్రతి ప్రాణికి కలుగు ఆకలి తన్ను తాను తెలుపుకొను తీరును గూర్చి కొంత వ్రాయ దలచితిమి.

“అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదు” అని మనవారి సామెత. నోరు విప్పుటకు మొగమాటపడు వారిని హెచ్చరించుటకు దీనిని వాడుదురు. కాని మాటలే రాని పసిబిడ్డ యెట్లు అడుగును? పలుపున కట్టబడిన దూడ యెట్లు అడుగును? అడుగుట యనగా ఏడ్చుట, అరచుట యని చాలమంది తలంపు. మేమును బిడ్డల తల్లిని కాకమునుపు అట్లే వినియుంటిమి. శిక్షణ కళాశాలలో మాకు శిశు మనస్తత్వ శాస్త్రమను పాఠముండెను గాని, అందలి శిశువులందరు మాటలు వచ్చినవారే. మాటలు రాని శిశువును గూర్చి మాకు పాఠము చెప్పినవారు మా అత్తగారు. ఆమె అక్షరములు ఎరుగనివారు.

మా పెద్దబిడ్డ పుట్టిన తరువాత మూడవ నెల వరకు ఆమె మా యొద్దనే యుండిరి. వంటయింట గింజలు ఏరుచు కూర్చుండియే ఊయల వైపు ఒక కన్ను వేసియుండెడివారు. బిడ్డ కిక్కురుమనకుండగనే, “అమ్మాయీ, పాప అడుగుతోంది, చెయ్యి కడుక్కుని రా” అని కేకవేసెడివారు. “ఏడవలేదు గదండీ అత్తయ్యా” అని మేమొకనాడు అనగా, “ఏడ్చేదాకా ఉంటే అది అడగటం కాదమ్మా, తిట్టటం” అనిరి.

ఆమె చూచుచుండిన గుర్తులను మేము క్రమముగా నేర్చుకొంటిమి. మొదట బిడ్డ నిద్రలోనే కదలును. మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు తిరుగాడును. పెదవులు చప్పరించును, నాలుక కొన బయటికి వచ్చును. పిమ్మట తల అటునిటు త్రిప్పును. చెంపకు దుప్పటి అంచు తగిలినను అది తల్లి రొమ్మే యనుకొని ఆ ప్రక్కకు తిరిగి నోరు తెరచును. తరువాత పిడికిలి బిగించి నోటికి చేర్చుకొని చీకును, ఒళ్లు విరుచును, సన్నగా మూలుగును. వీటి నెవరును చూడనియెడల కడపట ముఖము ఎఱ్ఱబారి ఏడ్పు వచ్చును. అంతవరకు వచ్చిన బిడ్డను పాలకు పట్టించుట కష్టము. ఏడ్చునపుడు నాలుక అంగిటి వైపు లేచియుండును గనుక చన్ను సరిగా పట్టుకొనలేదు, గాలి మ్రింగును, అలసియుండుటచే నాలుగు గుక్కలు త్రాగి నిద్రపోవును, అరగంటకే మరల లేచును. ఇంటివారందరు బిడ్డకు పాలు చాలలేదని చెప్పుకొందురు. అక్కడినుండి డబ్బాపాల మాట వచ్చును.

క్రొత్తగా పుట్టిన బిడ్డ రాత్రింబగళ్లు కలిపి ఎనిమిది మొదలు పండ్రెండు మారులు పాలు త్రాగుట సహజమని వైద్యులు చెప్పుదురు. ఆ పండ్రెండును రెండేసి గంటల ఎడముతో వచ్చునని లెక్కవేయరాదు. ఒక పూట మూడు గంటలు నిద్రించును. సాయంకాలమున గంటకొకసారి అడుగును. ఈ లెక్క మాకు మొదట రుచింపలేదని చెప్పుటకు సందేహింపము. కాలపట్టిక లేని పనియందు ఉపాధ్యాయులకు నమ్మకము తక్కువ.

కాలపట్టికను బిడ్డకు తగిలించినవారు లేకపోలేదు. మా అక్కగారికి కాన్పు జరిగిన ఒక పట్టణపు ఆసుపత్రిలో ఆమె చేతికి అచ్చుకాగిత మొకటి ఇచ్చిరి. అందు ఆరు గంటలకు, తొమ్మిదింటికి, పండ్రెండింటికి అని పాలవేళలు మా బడిగోడ మీది పట్టిక వలెనే గీతలు గీచి చూపబడియుండెను. ఈ పద్ధతి యెక్కడనుండి వచ్చినదని మేము తరువాత చదివి తెలిసికొంటిమి. 1894లో అమెరికా దేశపు వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ శిశుపోషణను గూర్చి ప్రశ్నోత్తరముల రూపమున ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పాలిచ్చుటకు నియమిత వేళలు ఉండవలెనని అందు బోధించెను. న్యూజీలండు దేశమున ట్రూబీ కింగ్ అను వైద్యుడు 1907లో తల్లులకొరకు ఒక సంఘము స్థాపించి, నాలుగేసి గంటల కొకసారి గడియారము చూచి పాలియ్యవలెననియు, రాత్రులందు ఇయ్యరాదనియు నియమము పెట్టెను. ఆయన అంతకు ముందు సీక్లిఫ్ అను నూర మతిచలించినవారి ఆసుపత్రికి అధిపతిగా నుండి, దానికి చేరిన పొలములో దూడలకు బాల్చీతో పాలు పట్టుచు, వాటికి విరేచనములు కలుగకుండునట్లు ప్రయోగములు చేసినవాడు. దూడలనుండి బిడ్డలకు వచ్చెను.

ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. ఆ కాలమున శుభ్రము లేని సీసాపాలవలన విరేచనములు పట్టి శిశువులు లెక్కకు మిక్కిలిగా చనిపోవుచుండిరి. అట్టి పాలకు కొలతయు వేళయు అవసరమే. తల్లిపాలే మేలని ఆయనయు చెప్పెను. అయితే సీసాకు సరిపడిన నియమమును రొమ్మునకు పెట్టుటవలన చిక్కు వచ్చెను. సీసాలోని పాలు ఎవరు త్రాగినను త్రాగకున్నను అంతే యుండును. తల్లి రొమ్మున పాలు తీసినకొలది ఊరును. తీయక నిలువయుంచినచో ఊరుట తగ్గును. బిడ్డ అడిగినపుడెల్ల ఇచ్చుచుండిన తల్లికి బిడ్డకు కావలసినంత వచ్చును. గడియారపు ముల్లు కొరకు కాచియున్న తల్లికి కొన్నివారములలో తగ్గిపోవును. తగ్గినదని సీసా పట్టుదురు, పట్టిన కొలది ఇంకను తగ్గును. మా అక్కగారి యింట జరిగినది ఇదియే. ప్రపంచారోగ్య సంస్థయు యూనిసెఫ్ సంస్థయు కలసి 1989లో ప్రసూతి ఆసుపత్రులకు పది సూత్రములు ఏర్పరచినపుడు, బిడ్డ కోరినప్పుడెల్ల పాలియ్యవలెనని ఎనిమిదవ సూత్రముగా వ్రాసిరి. 2018లో దానిని సవరించి, బిడ్డ చూపు గుర్తులను గుర్తించి అనుసరించుటకు తల్లులకు సహాయము చేయవలెనని వ్రాసిరి. మా అత్తగారు ఈ సూత్రములను వినియుండలేదు.

పాలు ఊరుటను గూర్చి మన పల్లెలవారికి చెప్పవలసిన పనిలేదు. దూడ పొదుగును తలతో కుమ్మగనే గేదెకు పాలు దిగుటను “చేపు” అందురు. చేపు రాని గేదెను పిదుకుట ఎంత నేర్పరికైనను సాధ్యము కాదు. మా దొడ్డిలో రెండు గేదెలు ఉండెడివి. వాటిని చూచుటకు వచ్చు ముసలి కాపరి మాకు రెండవ గురువు. గేదె తవుడు బుట్టను చూచి తాడు తెంపుకొనునట్లు మోర చాచుచుండగా, పాపము ఆకలిగా నున్నదేమో యని మేమంటిమి. అతడు నవ్వి, “నోరు చూడకండమ్మగారూ, డొక్క చూడండి” అని గేదె వెనుక నిలిచి ఎడమ ప్రక్కను చూపెను. నెమరువేయు పశువుల పెద్దకడుపు ఎడమ ప్రక్కననే యుండును. అది ఖాళీగా నున్నపుడు ప్రక్కటెముకల వెనుక, తుంటి యెముక ముందు ఒక గుంట పడును. మేసినపుడు ఆ గుంట పూడును. తవుడు చూచిన గేదె నోరు ఎప్పుడును ఊరుచునే యుండును, నిజము చెప్పునది డొక్క. పెండ్లి యిండ్లలో మిగిలిన అన్నమును గేదెలకు కుమ్మరించుటవలన అవి ఆశతో తిని, కడుపులో పులుపు పుట్టి, నెమరు ఆగి చనిపోవుట పల్లెలలో కద్దు. కాబట్టి ఆకలి గుర్తులను నమ్మవలెనని చెప్పునపుడు, ఏ గుర్తు ఆకలిది, ఏ గుర్తు ఆశది యని తెలిసియుండవలెను.

దూడ అడుగు తీరు మరియొకటి. ఈనిన గంట రెండు గంటలలో లేచి నిలిచి, తల్లి పొట్ట వెంబడి మూతితో తడుముకొనుచు పోయి పొదుగు చేరును. అప్పుడు త్రాగవలసినవి ముర్రుపాలు. దూడ తల్లి కడుపులో నున్నపుడు రోగములను ఎదిరించు శక్తి దానికి రాదు, ముర్రుపాలతోనే రావలెను. పుట్టిన మొదటి కొన్ని గంటలలో త్రాగిననే ఆ శక్తి దూడ రక్తములోనికి చేరును. ఒక దినము గడచినచో ప్రేగులు దానిని గ్రహింపవు. దూడ బరువులో పదియవ వంతు వరకు మొదటి దినమున త్రాగవలెనని పశువైద్యులు చెప్పుదురు. మనవారు ఏమి చేయుదురు? జున్నుకొరకు బిందె తెత్తురు. దూడ త్రాగి విడిచిన తరువాత మిగులు పాలతో జున్ను వండుకొనుటకు మాకు అభ్యంతరము లేదు. మాకును అది ఇష్టమే. కాని పెయ్యదూడ అయినయెడల రేపు గేదె యగునని కొంత విడుతురు. మగదూడ అయినచో చేపు వచ్చుటకు మాత్రము ఒక నిమిషము పొదుగునకు విడిచి, మూతి లాగి గుంజకు కట్టివేయుదురు. అది తలుగు చివర నిలిచి ఒకటి రెండు వారములు అరచును. పిమ్మట అరువదు. అరచుట మానినదని ఇంటివారు సంతోషింతురు. మరికొన్ని దినములకు దాని చర్మములో గడ్డి కూరి గేదె ముందు నిలువబెట్టుట మేము కన్నులార చూచినదే. ఈ వ్రాత చదువు బాలురలో గేదెలున్న యిండ్లవారు చాలమంది గలరు. మీ దొడ్డిలో అరువని దూడ యేదైన ఉన్నదేమో ఈ సెలవులలో చూడుడు.

అన్ని జంతువులును ఒకే తీరున అడుగునని తలంపరాదు. కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో కుందేళ్లను పెంచిరి. ఒకటి పిల్లలు పెట్టగా, తల్లి వాటి దరికే పోవుటలేదని ఎనిమిదవ తరగతివారు ఏడ్పుముఖములతో వచ్చి, చుక్కలు వేయు గొట్టముతో ఆవుపాలు పోయుదుమని బయలుదేరిరి. విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు వారిని ఆపి, పిల్లల పొట్టలను మాత్రము చూచి రమ్మనిరి. పొట్టలు గుండ్రముగా బిగువుగా నుండెను. తల్లి కుందేలు దినమున కొక్కసారి, అదియు కొద్ది నిమిషములు మాత్రమే పాలిచ్చును. ఆ పాలు మిక్కిలి చిక్కనివి. మనుష్యుల పాలు పలుచనివి, గేదెపాలలోని వెన్నలో దాదాపు సగమే వాటిలో నుండును. కావుననే మన బిడ్డలు మాటిమాటికి అడుగుదురు. కోడిపిల్ల సంగతి ఇంకను వింత: గ్రుడ్డులోని పచ్చసొన మిగులు దాని కడుపులో నుండుటచే మొదటి రెండు దినములు ఏమియు తినకున్నను బ్రతుకును. పిచ్చుక గూటిలో నైతే ఎవడు మెడ ఎక్కువ చాచి ఎక్కువ అరచిన వానికే ముందుగా పురుగు దొరకును. ఈ అరపులలోను మోసము గలదు. ఇంగ్లండులో కోకిలజాతి పక్షి ఒకటి పరుల గూటిలో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల యొక్కటియే గూటినిండ పిల్లలున్నట్లు త్వరత్వరగా అరచి పెంపుడు తల్లిచేత అంతమంది మేత తెప్పించుకొనునని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిరి.

ఇక చాలు అను గుర్తును గూర్చి. దీనిని మనవారు ఆకలి గుర్తుకంటెను తక్కువగా మన్నింతురు. త్రాగుచున్న బిడ్డ బిగించిన పిడికిలి మెల్లగా విడిపోవును. గుక్కల నడుమ ఎడము పెరుగును. చన్ను విడిచి తల ప్రక్కకు త్రిప్పును. అన్నము తిను బిడ్డ పెదవులు బిగించును, చెంచాను చేతితో త్రోయును. అంతట తల్లి గిన్నె పట్టుకొని వీధిలోనికి వచ్చి, కాకిని చూపి, చందమామను చూపి, నోరు తెరచిన క్షణమున ముద్ద పెట్టును. ఇప్పుడు చందమామకు బదులు సెల్‌ఫోను వచ్చినది. కాకిని చూచు బిడ్డకు ముద్ద సంగతి కొంచెమైన తెలియుచుండెను; ఫోను చూచు బిడ్డకు నోటిలో ఏమున్నదో తెలియదు. తలిదండ్రులు మమ్ము క్షమింతురు గాక, మేము దీనిని భోజనమని పిలువజాలము.

బిడ్డకు విడిచిపెట్టినచో ఏమియు తినడని భయపడువారు అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు చేసిన పరిశోధనను తెలిసికొనవలెను. ఆమె అప్పుడే పాలు మాన్పింపబడు శిశువుల ముందు పండ్లు, కూరలు, ధాన్యము, మాంసము, గ్రుడ్లు, పాలు మొదలగు వాటిని వేర్వేరు పాత్రలలో పెట్టించి, ఏది కావలెనన్నను వారినే కోరుకొననిచ్చెను. నర్సులు చెంచా పట్టుకొని ఊరక కూర్చుండవలెను. బిడ్డ చేయి చాచిన పాత్రనుండియే తీసి పెట్టవలెను. తినుమని గాని వలదని గాని అనరాదు. మొదటి ఫలితములు 1928లో ప్రకటింపబడెను. 1939 నాటికి పదునైదుగురు శిశువుల వృత్తాంతము ఆమె చెప్పెను. ఒక్కొక్క దినపు భోజనము చూచిన వారికి వింతగా తోచెను గాని, అందరును చక్కగా ఎదిగిరి. ఎముకల మెత్తదనము గల బిడ్డ యొకడు కాడ్‌చేప నూనెను తనంతట తానే త్రాగి, వ్యాధి కుదిరిన పిమ్మట మానివేసెను. అయితే ఆ బల్లమీద మిఠాయిలు లేవు. కిటుకు ఆ పాత్రల జాబితాలోనే యున్నదని ఆమెయే ఒప్పుకొనెను. ఏమి పెట్టవలెనో పెద్దలు నిర్ణయించిరి, ఎంత తినవలెనో బిడ్డలు నిర్ణయించుకొనిరి. అంగడిలో దొరకు ఉప్పు బిళ్లల పొట్లములను ముందు పెట్టి, బిడ్డ కోరినదే పెట్టుచున్నామని చెప్పుట ఈ పరిశోధనకు చేరదు.

ఇంతవరకు అడుగువారిని గూర్చి వ్రాసితిమి. అడుగనివారి సంగతియే మాకు ఎక్కువ భయము. మా తోడికోడలికి నెలలు నిండకుండ ఒక ఆడబిడ్డ పుట్టెను. ఆ బిడ్డ ఏడ్వదు, కదలదు, ఎప్పుడును నిద్రయే. చూడవచ్చినవారు “ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఇల్లు కదలనీయదు” అని మెచ్చుకొనిరి. మా అత్తగారు మాత్రము ఐదవ దినమున ఊయల ప్రక్క చాలసేపు నిలిచి, “ఈ పిల్ల అడగటం లేదు” అనిరి. అంతకుమించి ఆమె చెప్పలేదు గాని, ఆ సాయంకాలమే బిడ్డను నర్సమ్మగారి యొద్దకు తీసికొనిపోయిరి. బిడ్డ పుట్టిన నాటికంటె బరువు చాల తగ్గియుండెను. కనుల తెల్లగ్రుడ్డు పచ్చబారియుండెను. నెలలు నిండని బిడ్డకును, పచ్చకామెర పట్టిన బిడ్డకును అడుగుటకైన శక్తి చాలదు. అట్టివారిని రెండు మూడు గంటల కొకసారి అరికాళ్లు నిమిరి, బట్ట విప్పి, లేపి పాలు పట్టవలెను. అనగా మేము పైన తప్పుపట్టిన గడియారమే అక్కడ కావలసివచ్చెను. ఆ బిడ్డ ఇప్పుడు మన పాఠశాలలోనే చదువుచున్నది, మాట ఆపుట మాత్రము తెలియదు.

మిక్కిలి కృశించిన పిల్లల విషయమునను ఇట్లే. తీవ్రమైన పోషణలోపము కలిగిన బిడ్డ ఆకలిని పోగొట్టుకొనును. కావున అట్టి బిడ్డకు వైద్యులు మొదట కొంచెము ఔషధాహారమిచ్చి, తినునో లేదో పరీక్షింతురు. తిననియెడల ఇంటికి పంపక ఆసుపత్రిలో చేర్చుకొని, రాత్రియనక పగలనక రెండు మూడు గంటల కొకసారి కొలిచిన కొద్ది పాలు పట్టుదురు. ఒక్కమారుగా కడుపునిండ పెట్టినచో ఆ దేహము తాళజాలదు. ఆకలి తిరిగి వచ్చుటయే వారికి మొదటి శుభవార్త.

మన వసతిగృహమునకు ప్రతి జూన్ నెలలో ఆరవ తరగతిలో క్రొత్తగా వచ్చు బాలికలను మేము ఈ దృష్టితోనే చూచుచుందుము. కొందరు మొదటిరోజే గరిట వెంట పళ్లెము చాపుదురు; వారిని గూర్చి విచారము లేదు. కొందరు పంక్తి చివర కూర్చుండి, గరిట రాకముందే పళ్లెము మీద చేయి అడ్డముపెట్టి “చాలు” అందురు. రెండవసారి అడిగినచో తక్కినవారు చూతురని సిగ్గు. ఇంటివద్ద అడిగినచో లేదని విన్న అలవాటు. నోరు చాలు అనును గాని పళ్లెము వేరుగా చెప్పును: పప్పు అంటిన జాడయైన లేకుండ వ్రేలితో తుడిచియుందురు, మెతుకు మిగులదు, పిమ్మట రెండు గ్లాసుల నీరు త్రాగుదురు, మరునాడు మూడవ గంటకు లెక్కల పాఠములో కనులు మూతపడును. మా పాఠము రుచిలేనిదగుటచే కనులు మూయువారు వేరు; వారిని మేము ఎరుగుదుము.

వంటమ్మతో మాటలాడి ఒక ఏర్పాటు చేసితిమి. “ఇంకా కావాలా?” యని అడుగుట మానివేసితిమి. ఆమె గంప పట్టుకొని పంక్తి వెంబడి రెండవసారి మౌనముగా నడచి, పళ్లెము తుడిచినట్లున్న చోటనెల్ల అరగరిట వేయుచు పోవును. వద్దనువారు చేయి పెట్టవచ్చును. మొదటి వారములో చేతులు పెట్టినవారు మిక్కిలి కొద్దిమంది. నలువది ఇద్దరు బాలికలకు దినమునకు మూడు కిలోల బియ్యము ఎక్కువ పట్టెను. సామానుల లెక్క చూచువారు కనుబొమలు ముడిచిరి. నెల తిరుగునప్పటికి ఎవరును చెప్పకయే అది తగ్గి, మునుపటికంటె ఒక్క కిలో ఎక్కువ దగ్గర నిలిచెను. ఆ ఒక్క కిలో ఇప్పటికిని ప్రతిదినము ఖర్చు పుస్తకములో కనబడుచున్నది. ఎవరైన కారణ మడిగినచో చూపుటకు, ఆ బాలికల నెలనెల బరువుల పట్టికను అదే పుస్తకములో మడచి యుంచితిమి.